కుట్టుపనివారి కన్నులు

బేగంపేట పేరు వైద్యశాస్త్ర చరిత్రమునందు నిలిచియున్న సంగతి మన విద్యార్థు లెఱిగినదే. 1897 వ సంవత్సరము ఆగస్టు 20 వ తేదీన రోనాల్డు రాస్ అను సైనిక వైద్యుడు ఇచ్చటి వైద్యశాలలో దోమ కడుపును కోసి, సూక్ష్మదర్శినితో పరీక్షించి, మలేరియా క్రిమి దోమ దేహమునందు పెరుగుచున్నదని కనుగొనెను. ఆ పరిశ్రమకు 1902 లో నోబెల్ బహుమానము లభించినది. ఆయన స్వయముగ వ్రాసికొనిన దానినిబట్టి చూడగా, నుదుటి చెమట సోకి యాతని సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టినవి. మిగిలియున్న యొక్క కంటికటకమును బీటలు వారియుండెను. పంకా గాలికి దోమల తునుకలు చెదరిపోవునని యుక్కలోనే కూర్చుండి పని చేసెను. నాటి కాయన వయస్సు నలువది యేండ్లు. ఆ నలువది యేండ్ల కంటికి గాజుకటకము తోడై యుండుటచేతనే లోకమున కంత మేలు కలిగినది.

నేడు అదే బేగంపేటలోను, చుట్టుపట్ల నున్న సికింద్రాబాదు బస్తీలలోను నలువది యేండ్లు దాటిన కన్ను లెన్నియో దోమ కడుపుకంటె నేమంత పెద్దదికాని సూది బెజ్జమును దినమెల్ల చూచుచున్నవి. రవికెలు కుట్టువారు, చీరలకు ఫాల్ వేయువారు, కాజాలు తీయువారు, మగ్గము పనివారు, దుస్తుల కర్మాగారములలో మిషనుల ముందు కూర్చుండు స్త్రీలు – వీరిలో ననేకుల కంటికి కటకము తోడులేదు. మేమీ వ్యాసమున చెప్పదలచిన ముఖ్యవిషయ మొక్కటియే. కుట్టుపని కంటిని చెఱుపదు. పరీక్ష చేయింపని కన్నే కుట్టుపనిని చెఱచును, దానివెంట కుటుంబ జీవనమును చెఱచును. ఇది యెట్లో క్రమముగ వివరింతుము.

కుట్టువృత్తి – నాడును నేడును

1806 లో సికింద్రాబాదు దండు ఏర్పడినది. దండు ఉన్నచోట సైనికుల దుస్తులును, దుస్తు లున్నచోట దర్జీలును ఉండక తప్పదు గదా. తెలంగాణమున తరతరములుగ మేరవారు ఈ వృత్తినే నమ్ముకొని జీవించినారు. చేతిసూది పోయి కాలితో త్రొక్కు మిషను వచ్చెను; దానివెనుక విద్యుచ్ఛక్తితో నడచు మిషను వచ్చెను. ఇప్పుడు మేడ్చల్ దారిలోని గుండ్లపోచంపల్లి యందును, సిరిసిల్లయందును, ఆంధ్రప్రదేశమున అచ్యుతాపురమునందును దుస్తుల కర్మాగారములు వెలసినవి. ఇట్టి కర్మాగారములలో పని చేయువారిలో స్త్రీలే యధికులు.

ఇంటి దర్జీ చొక్కా నంతయు తానే కుట్టును. కత్తిరించునపుడు లేచి నిలుచును, కొలత తీయునపుడు దూరముగ చూచును, బేరగానితో మాటలాడును. వాని కంటి కప్పుడప్పుడు విశ్రాంతి కలుగుచుండును. కర్మాగారమున నట్లు గాదు. ఒకతె కాలరు మాత్రమే, ఒకతె చేయి మాత్రమే, ఒకతె జేబు మాత్రమే కుట్టుచుండును. అచ్చటి మిషను నిమిషమునకు నాలుగైదు వేల కుట్లు వేయగలదు. కుట్టునకు కుట్టునకు నడుమ దూరము సామాన్యముగ రెండున్నర మిల్లీమీటర్ల ప్రాంతమున నుండును. గంటకిన్ని యని లెక్క యొప్పగింపవలెను. కావున కన్ను ఒకేచోట, ఒకే దూరమున, గంటలకొలది నిలిచియుండవలసినదే. ఇట్టి పనికి కన్ను ఏమి చేయవలసియున్నదో తెలిసికొనిననే గాని తక్కిన విషయము బోధపడదు.

దగ్గరి వస్తువును కన్ను ఎట్లు చూచును?

కనుపాప వెనుక పారదర్శకమైన కటక మొకటి కలదు. దాని చుట్టును సన్నని కండరము వలయముగ నమరియున్నది. దూరముగ నున్న చెట్టును చూచునపుడు కండరము సడలియుండును. కటకము పలుచగ నుండును. దగ్గరగ నున్న సూదిని చూడబూనినపుడు కండరము బిగియును. కటకము ఉబ్బి దళసరియగును. అప్పుడు సూదిబొమ్మ కంటి వెనుక తెరపై స్పష్టముగ పడును. అదే సమయమున రెండు కన్నులును ముక్కువైపు కొంచెము తిరుగును. కావున దూరదృష్టి కంటికి విశ్రాంతి. సమీపదృష్టి కంటికి పని. గంట సేపు సూదిని చూచుట యనగా గంట సేపు కండరమును బిగబట్టియుంచుటయే.

బాల్యమున కటకము మెత్తగ నుండును. వయస్సుతోడ నది క్రమముగ గట్టిపడును. కండర మెంత బిగిసినను అది మునుపటివలె ఉబ్బజాలదు. ఈ మార్పు ధనికునికిని పేదకును, చదువరికిని నిరక్షరునికిని సమానమే. దీనినే మనవారు చత్వారమనియు, చాలీసనియు చెప్పుదురు. రెండు పేర్లును నలువది సంఖ్యనే స్ఫురింపజేయుచున్నవి. మన ఉష్ణదేశమున నలువది నిండక మునుపే కొందఱికి కనబడుటయు కలదు. ఇది రోగము గాదు, తలవెండ్రుకలు నెరయుట వంటిది. తలనెరపునకు రంగు వేయకున్నను జీవనము సాగును. చత్వారమునకు సులోచనములు లేకున్న కుట్టువాని జీవనము సాగదు.

లెక్క చూచినచో

పందొమ్మిదవ శతాబ్దమున హాలండు దేశపు నేత్రవైద్యుడు డాండర్స్ ఏ వయస్సున కన్ను ఎంత దగ్గరి వస్తువును చూడగలదో కొలిచి పట్టిక వ్రాసెను. కంటి శక్తికి కొలమానము డయాప్టరు. నూరు సెంటీమీటర్లను డయాప్టరుల సంఖ్యచే భాగించినచో కన్ను చూడగల యత్యంత సమీప దూరము వచ్చును. పదియేండ్ల బాలునికి 14 డయాప్టరుల శక్తి కలదు. అనగా ఏడు సెంటీమీటర్ల దూరమున నున్న యక్షరమును చదువగలడు. నలువది యేండ్లకు 4.5 డయాప్టరులే మిగులును. దూరము 22 సెంటీమీటర్లు. ఏబది యేండ్లకు 2.5, దూరము 40 సెంటీమీటర్లు. అరువదికి ఒక్కటి, దూరము ఒక మీటరు.

మిషను సూదికిని కంటికిని నడుమ దూరము సామాన్యముగ 35 మొదలు 40 సెంటీమీటర్ల వఱ కుండును. దానిని చూచుటకు రెండున్నర మొదలు మూడు డయాప్టరుల దాక శక్తి వలయును. నలువది యేండ్ల స్త్రీకి నాలుగున్నర ఉన్నది గదా, లోటేమి యని విద్యార్థు లడుగవచ్చును. లోటిచ్చటనే యున్నది. ఇరువది శేర్ల బిందె నెత్తగలవాడు దానిని నూతినుండి గుమ్మము వఱకు మోయగలడు గాని, దినమంతయు మోయజాలడు; దినమంతయు మోయవలెనన్న సగము బరువే తగును. కన్నును అంతియే. తన శక్తిలో సగమును మాత్రమే యది యలసట లేక గంటలకొలది వినియోగింపగలదు. నాలుగున్నరలో సగము రెండుంబావు. కావలసినది రెండున్నరకు పైగా. కావున నలువదియవ యేట పొద్దున కుట్టు బాగుగనే యుండును. సాయంకాలమునకు తలనొప్పి వచ్చును. నలువదియైదవ యేట మధ్యాహ్నమునకే వచ్చును. ఏబదియవ యేట సూదిలో దారమెక్కించుటకు కుమార్తెను పిలువవలసివచ్చును.

గుర్తులును, నష్టమును

చత్వారము తలుపు తట్టి రాదు. గుడ్డను కొంచెము దూరముగ పట్టుకొనుట, దారమును వెలుతురువైపు త్రిప్పి చూచుట, నల్లగుడ్డపై నల్లదారము కుట్టవలసివచ్చినపుడు ఱేపు చేసెదనని వాయిదా వేయుట, కుట్టు ప్రక్కకు పోవుట, విప్పి మరల కుట్టుట, సందెవేళ కనుబొమలపైన నొప్పి – ఇవి మొదటి గుర్తులు. వీనిని కుట్టువా రెవ్వరును కంటికి ముడిపెట్టరు. నిద్ర చాలలేదనియో, ఒంటిలో వేడి చేసినదనియో, వయస్సు వచ్చినదనియో సరిపెట్టుకొందురు.

అయితే కూలి మాత్రము సరిపెట్టుకొనదు. ఒక్కొక్క వస్త్రమునకు ఇంతయని కూలి నిచ్చుచోట, విప్పి కుట్టిన ప్రతి కుట్టును నష్టమే. కర్మాగారమున ముప్పదేండ్లదానితో నలువదియైదేండ్లది సమానముగ లెక్క యొప్పగింపవలెను. ఒప్పగింపలేనిదానికి మిషను పని తప్పించి, దారపు కొసలు కత్తిరించుటయో, మడతలు పెట్టుటయో చెప్పుదురు. తుదకు తానే పని మానుకొనును. చేతిలో నేర్పు చెక్కుచెదరలేదు. ఇరువదేండ్ల యనుభవము చెక్కుచెదరలేదు. చెదరినది రెండు డయాప్టరులు మాత్రమే. ఆ ఇంట చదువుకొను బాలబాలికల జీతములకును పుస్తకములకును ఆ కూలియే యాధారమైనచో, ఆ రెండు డయాప్టరుల లోటు వారి చదువునకును తగులును.

పరిశోధనలు చెప్పునదేమి?

హైదరాబాదున 1987 లో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారి కృషిచే వెలసిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు 1996 మొదలు 2000 వఱకు హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు ప్రాంతములలో 10,293 మంది కన్నులను పరీక్షించిరి. ముప్పదేండ్లు దాటినవారిలో సగమునకు పైగా, నూటికి 55 మందికి, చత్వారము కలదని దానివలన తేలినది. ఆ సంస్థవారే ప్రకాశము జిల్లాలో నలువదేండ్లు దాటిన నేతపనివారి దృష్టిని ప్రత్యేకముగ పరీక్షించి ఫలితములను 2013 లో ప్రకటించిరి. మగ్గమువాని కన్ను, మిషనువాని కన్ను ఒకే త్రాసులోనివి గదా.

సులోచనము లిచ్చినచో లాభమెంత యను ప్రశ్నకును సమాధానము లభించినది. అస్సాము తేయాకు తోటలలో నలువదేండ్లు దాటిన కూలీలను రెండు జట్లుగ విడదీసి, ఒక జట్టునకు సమీపదృష్టి సులోచనములు ముందుగ నిచ్చి, రెండవ జట్టునకు పరీక్ష ముగిసిన పిదప నిచ్చిరి. మొదటి జట్టువారు కోసిన యాకు రెండవ జట్టుకంటె నూటికి 21.7 వంతు లధికమైనదని 2018 లో ప్రకటింపబడినది. బంగ్లాదేశమున దర్జీలు, చేతిపనివారు మొదలగు 35 మొదలు 65 ఏండ్ల వయస్సుగల గ్రామీణులను ఇట్లే పరీక్షింపగా, ఎనిమిది నెలలలో సులోచనములు ధరించినవారి యాదాయము నూటికి 33.4 వంతులు హెచ్చినదని 2024 లో తెలిసినది. వారికి కొత్త యంత్రము లిచ్చినవారు లేరు, కొత్త విద్య నేర్పినవారును లేరు. ఇచ్చినది రెండు గాజుబిళ్ళలు. అయినను లోకమున 82 కోట్ల 60 లక్షల మంది ఇట్టి సులోచనములు లేకయే యున్నారని ప్రపంచారోగ్య సంస్థ 2019 లో తెలిపినది.

చత్వారము గాక మఱికొన్ని కష్టములు

మనము సాధారణముగ నిమిషమునకు పదునైదు మార్లు ఱెప్ప వేయుదుము. ఏకాగ్రతతో సూదిని చూచువారికి అది సగమునకు తగ్గును. ఱెప్ప వేసినప్పుడెల్ల కంటిపై సన్నని నీటిపొర పరచుకొనును. ఱెప్ప తగ్గిన నీటిపొర ఆఱిపోవును. పంకా గాలియు, గుడ్డలనుండి లేచు నూగును దానిని మఱింత ఆఱ్చును. అందువలన మంట, ఇసుక పడినట్లు గరగర, ఎఱుపు కలుగును. దీనికి మందుకంటె ముందు చేయవలసినది, ఒక కుట్టు ముగిసినపుడెల్ల ఱెప్పలు నాలుగైదు మార్లు మెల్లగ మూసి తెఱచుట, ఇరువది నిమిషముల కొకమారు తలయెత్తి వాకిటి చెట్టునో యెదుటి మేడనో చూచుట.

రెండవది వెలుతురు. అరువదేండ్ల కంటి లోపలికి పోవు కాంతి ఇరువదేండ్ల కంటిలోనికి పోవుదానిలో సుమారు మూడవ వంతు మాత్రమే. కావున కూతునకు చాలిన దీపము తల్లికి చాలదు. ఐరోపా ఖండపు ప్రమాణము కుట్టుపనికి 750 లక్సుల కాంతిని, వస్త్రపరీక్షకు 1000 లక్సులను విధించినది. మన యిండ్లలో రాత్రివేళ గది దీపము దీనిలో నాల్గవ వంతైన నిచ్చుట యరుదు. దీపమును దగ్గరకు తెచ్చుటయే సులభమైన యుపాయము. భౌతికశాస్త్రము చదివినవా రెఱుగుదురు: చిన్న దీపము దూరము సగమైన కాంతి నాలుగింతలగును. చిన్న దీపమును సూదిప్రక్కన ఎడమవైపున, కంటికి సూటిగ తగులకుండ నమర్చినచో చాలును. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 17 వ సెక్షనులో, కార్మికుల కన్నులకు శ్రమ కలిగించునట్టి మిఱుమిట్లును నీడలును లేకుండ తగిన వెలుతు రేర్పఱుపవలెనని యానాడే విధించినది.

మూడవది దెబ్బ. వేగముగ నడచు మిషనులో సూది విఱిగిన, దాని ముక్క కంటికి తగులవచ్చును. గుండీలు కుట్టు మిషనునకును, అంచులు కుట్టు మిషనునకును అమర్చు కంటికవచమును అడ్డమని తీసివేయరాదు. ముక్క తగిలిన కంటిని నులుమరాదు, కడుగుచు కాలము గడుపరాదు. పైనొక గిన్నెవంటిదానిని ఒత్తిడి తగులకుండ మూసి వెంటనే వైద్యశాలకు కొనిపోవలెను.

నాల్గవది, చత్వారము చాటున దాగు రోగములు. నలువదేండ్ల వయస్సుననే మధుమేహము కంటి వెనుక తెరను చెఱుపనారంభింపవచ్చును. కంటిలో ఒత్తిడి హెచ్చి దృష్టినరమును నొప్పిలేకుండ తినివేయు గ్లకోమా యను రోగము కనబడవచ్చును. ముందుముందు శుక్లములు రావచ్చును. ఇవి కుట్టుటవలన వచ్చినవి గావు. అయినను చూపు తగ్గినపుడు ‘మిషను త్రొక్కుటవలన’ ననుకొని యూరకున్నచో కాలము మించిపోవును. అందుచేత అంగడిలో సులోచనములు కొనుటతో తృప్తిపడక, ఒకమారైన కంటి లోపలిభాగమును వైద్యునిచే పరీక్షింపజేసికొనవలెను.

అపోహలు

సులోచనములు పెట్టుకొనిన కన్ను వాటి కలవాటుపడి చూపు ఇంకను తగ్గునని పలువు రందురు. కటకము గట్టిపడుట సులోచనములు పెట్టినను ఆగదు, పెట్టకున్నను ఆగదు. ఏబదియవ యేట సంఖ్య హెచ్చినది వయస్సుచేతనే గాని సులోచనములచేత గాదు. ఆముదము, ఆకుపసరులు, చనుబాలు కంటిలో పిండుటయు కలదు. వీనివలన కటకము మెత్తబడదు. కంటిలో పుండు పడుట మాత్రము సంభవము. వివాహము కావలసిన పిల్లకు, పనిలో చేరదలచిన స్త్రీకి సులోచనములు నామోషీ యను మాటయు విందుము. సూదిలో దారమెక్కించలేక కూలి పోగొట్టుకొనుటకంటె నామోషీ వేఱొకటి కలదా?

సులోచనములు తీసికొను విధము

కంటి పరీక్ష చేయువారు సామాన్యముగ పుస్తకము చదువు దూరమునకే కటకమును నిర్ణయింతురు. కుట్టువారి దూరము వేఱు కావచ్చును. కావున పరీక్షకు పోవునపుడు తమ మెడలోని కొలత టేపుతోనే కంటినుండి సూదివఱకును, కంటినుండి కత్తిరింపు బల్లవఱకును ఎన్ని సెంటీమీటర్లున్నవో కొలిపించి చెప్పవలెను. ఒక నల్లగుడ్డ ముక్కయు, నల్లదారమును, సూదియు వెంట కొనిపోయి, కటకము పెట్టినప్పు డచ్చటనే దారమెక్కించి చూడవలెను. దూరదృష్టియు తగ్గినవారికి రెండు భాగముల కటకములు కలవు. సమీపదృష్టి సులోచనములతో మెట్లు దిగరాదు, వీథి దాటరాదు. రెండు మూడేండ్ల కొకమారు మరల పరీక్షింపవలెను.

మన నగరమున మెహదీపట్నములోని సరోజినీదేవి ప్రభుత్వ నేత్రవైద్యశాల కలదు; బంజారాహిల్సులో పైన పేర్కొన్న సంస్థ కలదు. తెలంగాణ ప్రభుత్వము 2018 ఆగస్టు 15 న ‘కంటి వెలుగు’ పేర ఊరూర శిబిరములు ప్రారంభించినది. 2023 జనవరిలో రెండవ విడత జరిపినది. ఒక్కొక్క విడతలో కోటిన్నరకు పైగా ప్రజల కన్నులు పరీక్షింపబడినవి. ఆ శిబిరములు ముగిసినవి గాని, కటకములు గట్టిపడుట ముగియలేదు. అప్పుడు ముప్పదెనిమిదేండ్లుండి ‘నాకింకను వలదు’ అని తిరిగివచ్చిన వారు ఇప్పుడు నలువది దాటియుందురు. అప్పుడు సులోచనములు తీసికొనినవారికిని సంఖ్య మాఱియుండును.

విద్యార్థులు చేయదగినది

మన పాఠశాలలో చదువు బాలబాలికలలో ననేకుల యిండ్లలో కుట్టుమిషను కలదు. మేము వారిని కోరునది పెద్దపని గాదు. సెలవు దినమున సందెవేళ తల్లినో, తండ్రినో, పినతల్లినో, పొరుగింటి దర్జీనో సూదిలో నల్లదారమెక్కించుమని యడుగవలెను. ఎన్ని మార్లు తప్పినది, గుడ్డ నెంత దూరమున పట్టినది, దీప మెచ్చట నున్నది యని గమనింపవలెను. వయస్సు నలువదికి చేరువై, దారము రెండు మూడు మార్లు తప్పినచో, వారిని వెంటబెట్టుకొని పరీక్షకు కొనిపోవలెను. పెద్దలు తమకొఱకు తాము ఒక పూట కూలి పోగొట్టుకొన నిష్టపడరు. పిల్లలు చేయిపట్టి పిలిచిన కాదనరు.

సూది బెజ్జములో దారమెక్కించిపెట్టుమని పెద్దలు పిలిచినపుడు విసుగుకొనక యెక్కించి యిత్తుము గాక. అయితే ఆ పిలుపు కేవలము దారము కొఱకు గాదనియు, ఒక కటకము కావలయునని కన్ను చేయు విన్నపమే యదియనియు గ్రహించి, దాని నాలకించినచో, ఒక యింటి కూలియు, ఆ యింటి పిల్లల చదువును నిలుచును. మా చదువరు లీ సంవత్సరము ఒక్కొక్కరు ఒక్కొక్క కుట్టువానికైన నిట్టి సహాయము చేయుదురని మేము నమ్ముచున్నాము.